బొమ్మకు వరుస తెలియదు: తప్పు ఎమోజీ పడితే ఎందుకంత నామోషీ

తెల్లారేసరికి బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక కబురు ఉంటుంది. "మా నాన్నగారు రాత్రి కాలం చేశారండి. మధ్యాహ్నం 3 గంటలకు దహన సంస్కారాలు." దాని కింద దణ్ణాలు, 'ఓం శాంతి'లు ఒకదాని వెనక ఒకటి పడుతుంటాయి. వాటి మధ్యలో, పాలకొల్లులో ఉండే మేనత్తగారి నంబరు నుంచి ఒక పసుపుపచ్చ ముఖం వస్తుంది. కళ్ళ పక్కన నీళ్ళు చిమ్ముతూ, నోరంతా తెరిచి పకపకా నవ్వే ముఖం. అదీ ఒకటి కాదు, మూడు. ఆవిడ దృష్టిలో అది ఏడుపు, నీళ్ళు కనబడుతున్నాయి కదా. చావింటి అరుగు మీద ఫోన్ పట్టుకుని కూర్చున్న కొడుక్కి మాత్రం అది నవ్వు.

ఆ సాయంత్రానికి ఎవరో ఒకరు ఆవిడకి చెబుతారు. ఇక ఆవిడ ఆ ఇంటి గుమ్మం తొక్కడానికి మొహం చెల్లక కుంగిపోతుంది. పదకొండో రోజు భోజనాలకు వెళ్ళాలా వద్దా అని మథనపడుతుంది. చిటికెన వేలి గోరంత బొమ్మ ఇంత పని ఎలా చేస్తుందన్నది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. అందులో కొంత కంటిది, కొంత వేలిది. అసలు బాధ పెట్టేది మాత్రం ఈ రెండూ కాదు.

గోదావరి డెల్టాలో మాటకు వెనక ఒక తోక ఉంటుంది. 'అండి', 'ఆయ్', 'గారు' లేకుండా పెద్దవాళ్ళతో వాక్యం పూర్తవదు. 'వస్తాను' అనేది ఎవరితో అన్నామో దాని చివర చూసి చెప్పొచ్చు. అదే 'అండి'ని కాస్త సాగదీస్తే వెటకారమవుతుంది. ఇక్కడి చెవి ఆ తేడాని పసిగట్టడానికి చిన్నప్పటి నుంచీ అలవాటు పడింది. బావ మరిదిని ఆటపట్టించవచ్చు, వియ్యంకుణ్ణి అలా అనకూడదు. వదినతో ఆడే మాట అత్తగారితో ఆడకూడదు. ఎమోజీకి ఈ తోక లేదు, గొంతు లేదు, వరుస తెలియదు. ఎవరికి పంపినా అదే ముఖం వెళుతుంది. అందుకే ఇక్కడ చదివేవాళ్ళు గొంతు లేని చోట గొంతును ఊహించుకుంటారు. ఊహించినప్పుడు ముందు తట్టేది వెటకారమే.

ముందు కంటి సంగతి. ఎమోజీ ముఖాల్లో నీటిచుక్క చాలా బొమ్మల్లో ఉంటుంది. ఆ చుక్క ఎక్కడుందన్న దాని మీదే అర్థమంతా ఆధారపడి ఉంటుంది. పైన చెప్పిన నవ్వు బొమ్మలో చుక్కలు రెండు, కంటి బయటి కొసల దగ్గర పక్కలకు ఎగిరినట్టు ఉంటాయి. కళ్ళు కమానుల్లా పైకి వంగి ఉంటాయి. తెరిచిన నోట్లో పైపళ్ళ బారు తెల్లగా కనిపిస్తుంది. దీని తోబుట్టువు ఇంకొకటుంది, నేల మీద దొర్లుతున్నట్టు పక్కకు వాలి నవ్వేది. బావురుమని ఏడ్చే ముఖంలో ఉన్నవి చుక్కలు కావు, ధారలు. రెండు కళ్ళ నుంచీ నిలువుగా గడ్డం దాకా కారుతుంటాయి. కళ్ళు మూసి ఉంటాయి. ఒకే ఒక్క చుక్క ఒక కంటి కింద ఉండి, నోరు కిందికి వంగి ఉంటే అది విచారం. చావు కబురుకు అసలు సరిపోయేది ఇదే. చుక్క నుదుటి పక్కన ఉంటే అది కన్నీరు కాదు, చెమట. నవ్వుతూ నుదుట చెమట పట్టిన ముఖం 'హమ్మయ్య, గండం గడిచింది' అన్నట్టు. దాన్ని పరామర్శకు పంపితే 'పీడ విరగడైంది' అన్న అర్థం వస్తుంది. చుక్క ముక్కు దగ్గర బుడగలా ఉంటే అది నిద్ర. జపాను బొమ్మల కథల్లో నిద్రపోయేవాణ్ణి గీసేటప్పుడు ముక్కు నుంచి బుడగ గీస్తారు, ఆ ఆనవాయితీ అలాగే ఎమోజీలోకి వచ్చింది. మన దగ్గర దాన్ని ఏడుపుగానో, జలుబూ జ్వరంగానో వాడేవాళ్ళు ఎక్కువ.

ముక్కు రంధ్రాల నుంచి ఆవిరి చిమ్మే ముఖం కూడా ఇలాంటిదే. చూడగానే కోపం అనిపిస్తుంది. పుట్టినచోట దానికి పెట్టిన పేరు గెలుపు, గర్వం.

ఈ తికమక చదువు లేకపోవడం వల్ల వచ్చేది కాదు. ఫోన్‌లో ఎమోజీల పలక తెరిస్తే ఒక్కో బొమ్మ వేలిగోరులో సగం ఉంటుంది. చత్వారం వచ్చిన కంటికి, అందులోనూ చేలగట్టు మీద ఎండలో, పసుపు గుండ్రం మీద నీలి మరక తప్ప ఇంకేమీ ఆనదు. నవ్వు కమానులూ మూసిన రెప్పలూ ఒకేలా అలికినట్టుంటాయి. పైన చెప్పిన నవ్వు బొమ్మ, అంటే ఆనందబాష్పాల బొమ్మ, ఎక్కువ వాడకంలో ఉన్నది కాబట్టి ముందు వరుసలోనే కనబడుతుంది. 2015లో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీస్ ఆ ఏటి మాటగా ఎంచుకున్నది కూడా దీన్నే. అసలు ఏడుపు ముఖాలు పలకలో చాలా కిందికి, భయం, చెమట ముఖాల గుంపులో ఉంటాయి. వెతికే ఓపిక లేని చెయ్యి పైనున్నదాన్నే నొక్కుతుంది.

మెసేజీ కింద నేరుగా అతికించే రియాక్షన్లలోనూ ఇదే జరుగుతుంది. 2022 మే నెలలో వాట్సాప్ వీటిని తెచ్చినప్పుడు ఆరు బొమ్మలు ఇచ్చింది. బొటనవేలు, ఎర్ర హృదయం, ఆనందబాష్పాల నవ్వు, నోరు తెరిచిన ఆశ్చర్యం, కన్నీటి చుక్క, నమస్కారం, ఈ క్రమంలో. కన్నీటి చుక్క నొక్కబోయి వేలు జారితే పడేది ఆశ్చర్యం మీదో, నమస్కారం మీదో. రెండూ చావు కబురుకు మరీ అభ్యంతరమైనవి కావు. నవ్వు ఉన్నది రెండు అంగలు అవతల. అంటే చావు కబురు కింద నవ్వు అతికిందంటే అది వేలు జారి కాదు, కన్ను పొరబడి. ఈ సంగతి తెలిస్తే చావింటివాళ్ళు సగం శాంతిస్తారు. వెటకారం చేయాలనుకున్నవాడు చావింట చేయడు. పెద్దావిడ నంబరు నుంచి నవ్వు వస్తే అది ఏడుపేనని చదువుకోవడం న్యాయం.

వేలు జారడం వల్ల వచ్చే చిక్కులు వేరే చోట్ల ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే ప్రమాదమైనది చేతివేళ్ళ బారులో. ఎడమకు చూపే వేలు, కుడికి చూపే వేలు, పైకి చూపే వేలు, వెంటనే నడిమివేలు, ఆ తర్వాత కిందికి చూపే వేలు. ఈ క్రమం ఫోన్లన్నిటికీ అక్షరాల, బొమ్మల సంకేతాలు ఇచ్చే యూనికోడ్ పట్టికలోదే, చాలా కీబోర్డులు దాన్నే పాటిస్తాయి. నడిమివేలు 2014లో చేరింది. అప్పటి నుంచి పైకీ కిందికీ చూపే వేళ్ళ మధ్య పచ్చిబూతు కాపురం ఉంటోంది. నీటి సంఘం గ్రూపులో కాలువకు నీళ్ళు ఎప్పుడు వదులుతారని ఎవరో అడుగుతారు. 'పైన పెట్టాను, చూడండి' అని రాసి పైకి చూపే వేలు పెట్టబోతే ఒక్క మిల్లీమీటరు పక్కన పడుతుంది. గ్రూపులో రెండు వందల మంది రైతులు. పెట్టినవాడికి ఆ వేలికి ఇంకో అర్థం ఉందని కూడా తెలిసి ఉండకపోవచ్చు. చూసిన కుర్రాళ్ళకు తెలుసు. వేలు బొమ్మలు వాడకుండా 'పైన చూడండి' అని రెండు మాటలతో ఆపేయడమే దీనికి మందు.

ముద్దు ముఖాలు ఇంకో గొయ్యి. వియ్యపురాలుగారు పనసపొట్టు కూర ఫోటో పెట్టారు. వియ్యంకుడుగారు నోరూరినట్టు నాలుక బయటపెట్టిన ముఖం కోసం వెతుకుతారు. దానికి దగ్గర్లోనే ముద్దుపెట్టే ముఖాలు నాలుగున్నాయి. ఎర్ర హృదయం ఊదేది ఒకటి, హృదయం లేనివి మూడు. మూసిన పెదవులు 'ఆహా, ఏం రుచి' అన్నట్టుగానే కనబడతాయి. అది నొక్కి పంపితే ఆ గ్రూపులో ఆ పూటకి ఇంకెవరూ ఏమీ రాయరు. ఆ నిశ్శబ్దమే పంపినాయన్ని చంపుతుంది. రుచి బొమ్మకి గుర్తు ఒకటే, పెదవి చివర నాలుక బయటికి వచ్చి పక్కకు తిరిగి ఉంటుంది. నాలుక కనబడకపోతే అది రుచి కాదు.

వేలి తప్పుల వెనక కీబోర్డు పాత్ర కూడా ఉంది. ఎమోజీ పలక తెరవగానే వచ్చేది ఇటీవల వాడినవాటి అర. అందులో బొమ్మల చోటు వాడకాన్ని బట్టి మారుతుంటుంది. నిన్న దణ్ణం ఉన్న చోట ఇవాళ హృదయం ఉండొచ్చు. వేలికి అలవాటైన చోటు కంటికి తెలియకుండానే మారిపోతుంది. ఇంట్లో అమ్మమ్మా మనవడూ ఒకే ఫోన్ వాడితే ఆ అర నిండా మనవడి బొమ్మలే ఉంటాయి. అమ్మమ్మ దణ్ణం కోసం నొక్కితే పుర్రె పడుతుంది. ఇది ఆవిడ తప్పు అనడం అన్యాయం.

మరికొన్ని తప్పులు బొమ్మ పుట్టిన ఊరు వేరు కావడం వల్ల వచ్చేవి. 1999లో జపాను మొబైల్ కంపెనీ ఎన్‌టీటీ డొకోమో కోసం షిగెటాకా కురీటా గీసిన 176 బొమ్మలు, ఒక్కోటి నిలువు 12 అడ్డం 12 చుక్కల గడిలో ఒదిగేవి, ఈ వాడకానికి ఊపు ఇచ్చాయి. 2010లో యూనికోడ్ వాటిని ప్రపంచానికంతటికీ తెచ్చింది. మన తెలుగు అక్షరాలకు సంకేతాలు ఇచ్చింది కూడా ఈ యూనికోడే. ఇప్పుడవి 3,700 దాటాయి. అందులో మనవనిపించేవి కొన్నే. వరికంకి మొదటి నుంచీ ఉంది, దీపం ప్రమిద, చీర, గుడి, ఆటో 2019లో వచ్చాయి. మిగతా చోట్ల పోలికను బట్టి ఊహించుకుంటాం. అక్కడే దెబ్బ తింటాం. గృహప్రవేశం శుభలేఖ కింద కలశం అనుకుని పెట్టే మూతపెట్టిన పాత్ర ఒకటుంది, అది అస్థికలు ఉంచే పాత్ర. పక్కనే శవపేటిక కూడా ఉంటుంది, చూస్తే తెలిసిపోతుంది. రెండు చెవులున్న మట్టికూజా వేరు, దానితో ఇబ్బంది లేదు. చాక్లెట్ ఐస్‌క్రీం అనుకుని పుట్టినరోజుకి పంపే గోధుమరంగు సుడి మలం. దానికి కళ్ళూ నవ్వూ ఉంటాయి, కింద కోను ఉండదు. ఐస్‌క్రీం తెల్లగా, కోనులో ఉంటుంది.

ఇక వరుస. బొమ్మ సరైనదే, వేలూ జారలేదు, కన్నూ పొరబడలేదు, అయినా తప్పు పడుతుంది. ఎర్ర హృదయం చూడండి. అమ్మకి పెడితే ప్రేమ. ఇంటికొచ్చిన కొత్తకోడలు మావయ్యగారి ఫోటో కింద పెడితే ఇంట్లో ఎవరో కనుబొమ్మ ఎత్తుతారు. ట్యూషను మాస్టారు పదో తరగతి అమ్మాయి మెసేజీకి పెడితే ఆ ఇంట్లో పెద్ద గొడవే. వాట్సాప్‌లో ఒంటరిగా పంపిన ఎర్ర హృదయం పెద్దదై కొట్టుకుంటుంది కూడా. మాటల మధ్య పెడితే చిన్నగా, కదలకుండా ఉంటుంది. ఈ తేడా చాలామందికి తెలియదు. 'కృతజ్ఞతలండి' అన్న మాట ముందుంటే హృదయం సర్దుకుని కూర్చుంటుంది, ఒంటరిగా ఉంటే అది వేరే మాట మాట్లాడుతుంది.

వయసు కూడా వరుస లాంటిదే. హైదరాబాదులోనో బెంగళూరులోనో చదువుకుంటున్న మనవరాలు నవ్వు ఆపుకోలేకపోతే పుర్రె పెడుతుంది, 'నవ్వలేక చచ్చాను' అని దాని భావం. బావురుమని ఏడ్చే ముఖం కూడా వాళ్ళకి నవ్వే. కువైట్ నుంచి ఇంటికి ఫోటోలు పంపే పిన్నిగారు ఆ పుర్రె చూసి 'ఏంటమ్మా ఆ అపశకునం' అంటుంది. ఇద్దరూ తప్పు కాదు. అయితే సర్దుకోవలసింది చిన్నవాళ్ళేనని గట్టిగా చెప్పాలి. తమ బొమ్మకు రెండో అర్థం ఉందని తెలిసినవాళ్ళు వాళ్ళు. పెద్దవాళ్ళకి ఒక్కటే తెలుసు.

బొటనవేలిది మరీ గట్టి సంగతి, ఎందుకంటే అది పరువుతో ఆగదు, డబ్బు దాకా వెళుతుంది. కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక ధాన్యం కొనుగోలు కంపెనీ 2021లో 86 టన్నుల అవిసె గింజల ఒప్పందాన్ని ఫోటో తీసి ఒక రైతుకి పంపి, నిర్ధారించమని అడిగింది. రైతు బొటనవేలు పంపాడు. సరుకు ఇవ్వలేదు, ధర పెరిగింది. 'అందిందని చెప్పాను తప్ప ఒప్పుకోలేదు' అన్నాడు రైతు. అంతకు ముందు వాళ్ళిద్దరి మధ్య చిన్న చిన్న జవాబులతోనే బేరాలు కుదిరేవని చూసి, ఆ బొటనవేలు సంతకంతో సమానమేనని 2023లో కోర్టు తేల్చింది. దాదాపు 82,000 కెనడా డాలర్లు కట్టమంది. 2024 డిసెంబరులో పై కోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. అది వేరే దేశపు తీర్పు, మన కోర్టులకు కట్టుబాటు కాదు. కానీ మన ఐటీ చట్టంలోని 10ఎ సెక్షను కూడా ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందం ఆ ఒక్క కారణంగా చెల్లకుండా పోదని చెబుతోంది.

దీన్ని భీమవరం, అమలాపురం చుట్టుపక్కల చెరువుగట్టు మీద పెట్టి చూడండి. సాయంత్రం రొయ్యల కొనుగోలుదారు కౌంట్ల వారీగా రేట్లు పంపుతాడు. 100 కౌంట్ అంటే కిలోకి 100 రొయ్యలు, 30 కౌంట్ అంటే 30. కింద 'తెల్లారి పట్టుబడి పెట్టుకుందామా అండి' అని ఉంటుంది, పట్టుబడి అంటే చెరువులో రొయ్యలు పట్టడం. రైతు రేట్ల వరకే చదివి, చూశానన్నట్టు బొటనవేలు అతికిస్తాడు. తెల్లవారుజామున వలలు, ట్రేలు, ఐసు బండి, పట్టుబడి మనుషులు గట్టు మీద దిగుతారు. ఇంకో పది రోజులు పెంచుదామనుకున్న రైతు వద్దంటే ఐసు కరిగిన నష్టం ఎవరిదన్న తగువు మొదలవుతుంది. వరి దగ్గరా అంతే. ధర బస్తా 75 కిలోల లెక్కనా, క్వింటాలు లెక్కనా, తేమ కోత ఎంత, ఇవేవీ బొటనవేలు చెప్పదు. డబ్బు ముడిపడిన మెసేజీకి బొటనవేలు వాడకూడదు. 'రేట్లు చూశానండి, పట్టుబడి సంగతి రేపు చెబుతా' అని మాటల్లో రాయాలి.

అదే బొటనవేలు 'ఆదివారం పెద్దకర్మ, అందరూ రావాలి' అన్న కబురు కింద 'అలాగే' అన్న అర్థంలో పెడతారు. చదివేవాళ్ళకి అది 'భేష్' అని వినబడుతుంది. 'వస్తామండి' అని రాయడానికి పట్టేది మూడు సెకన్లు.

తప్పు పడ్డాక మొదటి నిమిషంలో చేసే కంగారు పనే చాలాసార్లు దాన్ని పెంచుతుంది. వాట్సాప్‌లో పంపిన బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుంటే చెత్తబుట్ట గుర్తు వస్తుంది. దాన్ని తాకితే 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్', 'డిలీట్ ఫర్ మీ' అని రెండు కనబడతాయి. కంగారులో రెండోది నొక్కితే బొమ్మ మీ ఫోన్‌లోంచి మాత్రమే పోతుంది, మిగతా అందరి ఫోన్లలో భద్రంగా ఉంటుంది, మీకు మళ్ళీ దాన్ని పట్టుకునే దారి ఉండదు. 2022 డిసెంబరు నుంచి దీనికి ఒక ఊరట ఉంది. 'డిలీట్ ఫర్ మీ' నొక్కాక 5 సెకన్ల పాటు తెర అడుగున 'అన్‌డూ' కనబడుతుంది. అది నొక్కి, బొమ్మను వెనక్కి తెచ్చుకుని, ఈసారి సరైనదాన్ని నొక్కాలి. అందరి దగ్గరా తీసేయడానికి గడువు రెండు రోజులకు పైగానే ఉంది, కాబట్టి చెయ్యి వణకవలసిన పని లేదు. తీసేశాక ఆ చోట 'మెసేజీ తొలగించారు' అన్న ఆనవాలు మిగులుతుంది.

ఆనవాలు మిగలడం చావు కబురు కింద ఒక్కోసారి బొమ్మకన్నా ఎక్కువ అనుమానం రేపుతుంది. అందుకే 15 నిమిషాల లోపయితే తీసేయడం కంటే దిద్దడం మేలు. బొమ్మ మీద నొక్కి పట్టి, పైన మూడు చుక్కలు తాకి, 'ఎడిట్' ఎంచుకుని, నవ్వు ముఖం చెరిపి 'ఓం శాంతి. చాలా బాధగా ఉందండి' అని రాసి పంపాలి. పక్కన 'ఎడిటెడ్' అని చిన్నగా పడుతుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అక్షరాల్లా పంపిన ఎమోజీకే ఈ వీలు. స్టిక్కరుకీ, కదిలే బొమ్మకీ లేదు, వాటిని తీసేయడమే.

రియాక్షన్ తప్పయితే ఇంకా సుళువు. తీసేయకుండా, అదే మెసేజీని మళ్ళీ నొక్కి పట్టి సరైన బొమ్మ ఎంచుకుంటే పాతదాని చోట కొత్తది కూర్చుంటుంది, ఎడిటెడ్ ముద్ర కూడా పడదు. రియాక్షన్ కబురు మెసేజీ పెట్టినవాళ్ళకే వెళుతుంది, గ్రూపులో అందరి ఫోన్లూ మోగవు. స్టేటస్ కింద మూలన ఉండే హృదయం గుర్తు విషయంలోనూ జాగ్రత్త అవసరం. చనిపోయినవారి ఫోటో స్టేటస్‌గా పెట్టినప్పుడు చూస్తూ చూస్తూ దాన్ని తాకేస్తుంటారు.

ఏం చేయాలో తేల్చుకునే ముందు ఎవరెవరు చూశారో తెలుసుకోవచ్చు. గ్రూపులో పంపినదాన్ని నొక్కి పట్టి 'ఇన్ఫో' తెరిస్తే చదివినవాళ్ళ పేర్లు, అందినా చదవనివాళ్ళ పేర్లు విడివిడిగా వస్తాయి. నీలం టిక్కులు ఆపుకున్నవాళ్ళ పేర్లు కూడా గ్రూపులో మాత్రం కనబడతాయి. ఇద్దరే చూశారనుకోండి, దిద్దేసి ఆ ఇద్దరితో మాట్లాడితే చాలు. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోన్లలో నోటిఫికేషన్ హిస్టరీ అనే సదుపాయం ఉంది. అది పెట్టుకున్న ఫోన్‌లో మీరు తీసేసిన బొమ్మ కూడా 24 గంటల వరకు కనబడుతుంది. తీసేశాం కాబట్టి ఎవరికీ తెలియదనుకుని ఊరుకోవడం మంచిది కాదు. టెలిగ్రామ్‌లో దిద్దడానికి 48 గంటల వీలుంది. ఐఫోన్ల మధ్య నడిచే ఐమెసేజీలో వెనక్కి తీసుకోవడానికి 2 నిమిషాలే. మామూలు ఎస్సెమ్మెస్ వెళ్ళిందంటే వెళ్ళిందే.

ఇక అసలు పని, ఫోన్ చేసి మాట్లాడటం. చాలామంది గ్రూపులోనే పెద్ద వివరణ పెడతారు. అప్పటిదాకా గమనించని యాభై మంది కూడా పైకి వెళ్ళి వెతుక్కుంటారు. నొచ్చుకున్న మనిషికి నేరుగా ఫోన్ చేయాలి. చావింటికైతే బొమ్మ గురించి ముందు మాట్లాడకూడదు. ముందు పరామర్శ, ఆఖర్న ఒక్క వాక్యం. "పెద్దబ్బాయ్, పొద్దున నా ఫోన్ నుంచి నవ్వు బొమ్మ పడిందటరా. ఏడుపు బొమ్మనుకున్నాను నాయనా, కళ్ళు సరిగ్గా ఆనట్లేదు. మనసులో పెట్టుకోకు." చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకైతే, "బాబాయ్‌గారూ, ఇందాక గ్రూపులో నా వేలు జారి తప్పు బొమ్మ పడిందండి. మార్చేశాను. ఏమీ అనుకోకండి." బొమ్మ పేరు పలకాలి, ఎలా జరిగిందో ఒక్క ముక్క చెప్పాలి, అక్కడితో ఆపాలి. 'మా బుడ్డోడు నొక్కాడండి' అనడం అందరికీ అలవాటే గానీ అది నిజం కానప్పుడు అనకూడదు. ఆ సాకు ఇప్పటికే చాలా ఇళ్ళలో అరిగిపోయింది. ఫోన్ చేసినప్పుడు 'అండి' మళ్ళీ వస్తుంది, గొంతు మళ్ళీ వస్తుంది. బొమ్మ పోగొట్టినది సరిగ్గా అదే.

వియ్యాలవారి విషయంలో మాత్రం పంపినాయన కాకుండా ఆయన భార్య ఫోన్ చేయడం మర్యాదగా ఉంటుంది. "వదినగారూ, మీ పనసపొట్టు కూర చూసి మా ఆయన నోరూరే బొమ్మ పెట్టబోయి ఇంకేదో పెట్టారండి" అంటే అటువైపు నవ్వేస్తారు. ఆ కూర ఎలా చేశారో అడిగితే ఆ మాట అక్కడితో కూరలోకి వెళ్ళిపోతుంది.

ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్ దగ్గర పిల్లలు పావుగంట కూర్చుంటే చాలా తప్పులు రాకుండా ఆపొచ్చు. వాట్సాప్‌లో మన నంబరుకి మనమే మెసేజీ పంపుకునే వీలుంది. అందులో నమస్కారం, కన్నీటి చుక్క, పూలగుత్తి, వెలిగే ప్రమిద, మామూలు చిరునవ్వు, ఈ ఐదూ ఒక్కోటి విడివిడిగా పంపాలి. ఒంటరిగా పంపిన బొమ్మ పెద్దగా పడుతుంది కాబట్టి చత్వారం కళ్ళకు కూడా ఆనుతుంది. ప్రతిదాని కింద తెలుగులో 'దణ్ణం', 'బాధ', 'శుభాకాంక్షలు', 'పండగ', 'సంతోషం' అని రాయాలి. ఆ చాట్‌ని పైన పిన్ చేయాలి. పెద్దవాళ్ళు అక్కడి నుంచి కాపీ చేసుకుని పంపుతారు, పలకలో వెతకనక్కర్లేదు.

బొమ్మే అక్కర్లేకుండా చేసే దారి కూడా ఉంది. గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డు సెట్టింగ్స్‌లో డిక్షనరీ, అందులో పర్సనల్ డిక్షనరీ, భాష తెలుగు ఎంచుకుని ప్లస్ గుర్తు నొక్కాలి. పై గడిలో 'మీ బాధలో మేమూ ఉన్నామండి. సాయంత్రం వస్తాం' అని, కింది షార్ట్‌కట్ గడిలో 'శాం' అని రాసి దాచాలి. ఆ తర్వాత 'శాం' అని కొట్టగానే పై పట్టీలో ఆ వాక్యమంతా కనబడుతుంది. ఒక్కసారి తాకితే పడిపోతుంది, చివర 'అండి'తో సహా.